చాటింపు వేసినవాని బావి

పాలేటి సుందరరాజు, తండ్రి కీర్తిశేషులు ఓబయ్య, వయస్సు అరవై ఒక్క సంవత్సరాలు, నివాసం చిత్తూరు జిల్లా ఈతవంకపల్లె, వృత్తి గ్రామ తలారి. ఈ విన్నపం వ్రాస్తున్నవానికి ఆయన ముప్పై నాలుగు సంవత్సరాలుగా తెలుసు. మండల కార్యాలయంలో నకళ్ళు వ్రాసే గుమాస్తా కాగితం సిద్ధం చేస్తే, దానిని ఊరికి తీసుకుపోయి, పలక అనే తోలు డప్పు కొట్టి చాటినవాడు సుందరరాజు. అట్లా తీసుకుపోయిన వందల కాగితాలలో ఒకటి ఆయన బావిని పూడ్చింది. అది ఎట్లా జరిగిందో మొదటినుంచి మనవి చేయకపోతే, చివర అడగబోయే కోరిక అర్థం కాదు.

తలారి పని ఏమిటో ఇప్పటి అధికారులలో కొందరికి చెప్పవలసి ఉంటుంది. శిస్తు కట్టమన్నా, పిల్లలకు చుక్కలు వేయించమన్నా, ఓటర్ల జాబితాలో పేరు చూసుకొమ్మన్నా ఆ ఊరికి తెలిసేది సుందరరాజు గొంతుతోనే. జనం పనులకు పోకముందు ఒకసారి, పనుల నుంచి తిరిగి వచ్చినాక ఒకసారి, వీధి వీధికీ నిలబడి, భుజాన వేలాడే తోలు పలక మీద మూడు దెబ్బలు వేసి మొదలుపెట్టేవాడు. చదువు రెండో తరగతి. అయినా కాగితంలోని మాట ఒక్కటి జారనిచ్చేవాడు కాదు. కార్యాలయంలో రెండుసార్లు చదివించుకునేవాడు. మూడోసారి తానే అప్పజెప్పేవాడు. ఎవరైనా “మళ్ళీ చెప్పప్పా, వినపడలా” అంటే, తప్పిన ముక్క మాత్రమే చెప్పి ఊరుకోకుండా, మూడు దెబ్బలు వేసి మొదటినుంచీ చెప్పేవాడు. అది ఆయన తండ్రి పెట్టిన నియమం.

ఆ తండ్రి పెట్టిన నియమం ఇంకొకటి ఉంది. ఈ కథంతా దాని మీదే నడిచింది.

ఓబయ్య కూడా తలారియే. సుందరరాజు పద్నాలుగేళ్ళ వాడుగా ఉన్న కాలంలో ఊరి చింతచెట్లకు వేలం వచ్చింది. ఓబయ్య చాటింపు వేశాడు. వేలం రోజున తానూ నిలబడి పాట పాడి, రెండు చెట్లు దక్కించుకున్నాడు. అందులో నేరమేమీ లేదు. కానీ పాటకు ఆలస్యంగా వచ్చిన నలుగురు, తలారి తమకు వేళ తప్పుగా చెప్పాడనీ, చెట్ల మీద ఆశతోనే చెప్పాడనీ అర్జీ పెట్టారు. విచారణ లేకుండానే పలక చేతినుంచి పోయింది. రెండు సంవత్సరాలు ఆ కుటుంబం కోలారు పక్క రాళ్ళు కొట్టుకొని బ్రతికింది. తిరిగి పని ఇచ్చిన నాడు ఓబయ్య కొడుకును కూర్చోబెట్టుకొని చెప్పాడు.

“సూడు నాయనా, చాటేదే మన పని. చాటినాక ఆ యవ్వారంలో మనం వేలు పెట్టకూడదు. గడువు తీరేదాకా పలక మన బుజం మీదనే ఉండాదనుకో. పలక బుజాన ఉన్నంతసేపు నోరు మనది కాదు.”

పద్నాలుగేళ్ళ వయస్సులో రాళ్ళ క్వారీలో చేతులు పగిలినవానికి ఆ మాట ఎంత లోతుగా దిగి ఉంటుందో ఊహించవచ్చు. తరువాత ఆయన తలారి అయినాక, వేలం చాటినప్పుడు వేలం దరిదాపులకు పోయింది లేదు. ఇళ్ళ స్థలాలకు అర్జీలు పెట్టుకొమ్మని చాటి, తాను అర్జీ పెట్టుకోలేదు. గడువు తీరిన తరువాత ఎవరైనా అధికారి గుర్తుపెట్టుకొని “నీకేమైనా కావాలా?” అంటే అడిగేవాడు. పంతొమ్మిది వందల ఎనభై ఆరులో అట్లా ఒక తహశీల్దారు గుర్తుపెట్టుకొని అడిగినందువల్లనే ఆయనకు రెండు ఎకరాల పది సెంట్లకు డి.కె.టి. పట్టా వచ్చింది. సర్వే నంబరు రెండు వందల పద్నాలుగులో మూడు. ప్రభుత్వం ఇచ్చిన బంజరు. గడ్డికన్నా రాయి ఎక్కువ.

తొంభై మూడు ఎండాకాలంలో ఆయనా, భార్య ఆనందమ్మా అందులో బావి తవ్వడం మొదలుపెట్టారు. ఒక గడ్డపార, ఒక పార, రెండు గంపలు. వానలు పడగానే ఆపి, మళ్ళీ ఎండలు ముదరగానే దిగేవారు. ఆ పక్క బావి లోతును మట్లలో చెబుతారు. ఒక మట్టు అంటే ఒక మనిషి నిలువు. నాలుగో మట్టు దగ్గర బండ తగిలింది. కట్టెలు పేర్చి కాల్చి, కాలిన బండ మీద నీళ్ళు కుమ్మరించి పగలగొట్టారు. పగిలిన రాయిని ఆనందమ్మ గంపకెత్తుకొని మెట్లెక్కి వచ్చి గట్టున పోసేది. తొమ్మిదో ఎండాకాలం, ఆరో మట్టు మీద, తూర్పు పక్క నెర్రెలోంచి ఊట వచ్చింది. సుందరరాజు కింద నీళ్ళలో నిలబడి కేక వేస్తే, పైనుంచి ఆనందమ్మ అన్న మొదటి మాట ఇది.

“అరవబాక. ఉప్పగా ఉండాయేమో సూడు ముందు!”

తియ్యగా ఉన్నాయి. ఆ నీటితో అర ఎకరం రాగి, మిగిలిన దానిలో కనకాంబరాలు పెట్టారు. ఆనందమ్మ ప్రతి ఉదయం ప్రార్థన ముగించుకొని పూలు కోసి, బస్సులో కాణిపాకం పూలంగళ్ళకు వేసి వచ్చేది. ప్రార్థన మందిరం వీధిలో అరువు అడగని ఇల్లు అదొక్కటే అని ఊరి కోమట్లే చెప్పేవారు.

బావిని లెక్కలో వ్రాయించాలని ఆయనకు తోచకపోలేదు. ఏ సర్వే నంబరులో ఏ పంట ఉంది, దానికి నీరు ఎక్కడిది అని గ్రామ రెవెన్యూ అధికారి ఏటా వ్రాసే లెక్కను అడంగల్ అంటారు. ఆ అధికారి వెంకటరమణను రెండు వేల రెండులో అడిగాడు. వెంకటరమణ మంచివాడు. మంచితనంతోనే సమాధానం చెప్పాడు.

“ఏమప్పా సుందరరాజూ, అది డి.కె.టి. నేల. అనుమతి లేకండా బాయి ఎట్ల తవ్వినావని పైనోళ్ళు అడిగితే నువ్వేం చెప్తావు, నేనేం చెప్పేది? మెట్ట అని ఉండాది, ఉండనీ. నీళ్ళేమన్నా కాగితం సూసి ఊరతాయా?”

ఇద్దరూ నవ్వుకున్నారు. సుందరరాజు దానిని ఉపకారంగా తీసుకున్నాడు. అడంగల్‌లో ఏటా “మెట్ట, వర్షాధారం, బావి లేదు” అనే మాటలు నకలు అవుతూ వచ్చాయి. నకలు వ్రాసేవాడు పొలం చూడడు. పోయిన ఏటి పుస్తకం చూస్తాడు.

రెండు వేల ఏడు జనవరిలో గ్యాస్ కంపెనీ వారు వచ్చారు. సముద్రం వైపు నుంచి పలమనేరు మీదుగా బెంగళూరు దిశగా భూమిలో గొట్టం వేసి, సహజవాయువును తీసుకుపోయే పథకం అది. ముందు దారి కొలవాలి. మూడు కాళ్ళ యంత్రంతో ధర్మేంద్ర అనే ఇంజనీరు దిగాడు. కోస్తా వాడు, ముప్పై ఏళ్ళు దాటని మనిషి. పొలాల హద్దురాళ్ళు చూపించే పని తలారికి పడింది. మూడు వారాలు సుందరరాజు ముందు నడిచాడు. ముళ్ళకంపలో కూరుకుపోయిన రాళ్ళను సైతం కాలితో తట్టి చూపించాడు. మిట్టమధ్యాహ్నం అందరినీ తన బావి దగ్గరికి తీసుకుపోయేవాడు.

“కొబ్బరినీళ్ళలా ఉన్నాయి పెద్దాయనా! ఎవరిదీ బావి?” అన్నాడు ధర్మేంద్ర మొదటి రోజున.

“మాదే సార్. మేమే తవ్వుకున్నాం.”

“మిషను పెట్టా?”

పూలమొక్కల నడుమ నుంచి ఆనందమ్మ లేచింది. “ఔ సార్, మిషన్లే. రెండు చేతుల మిషను ఆయనది, రెండు చేతుల మిషను నాది. డీజిలు బదులు సంగటి పోసినాం.”

కూలీలందరూ నవ్వారు. ధర్మేంద్ర ఇంకో చెంబు ముంచుకున్నాడు. ఆ నాటి పటంలో గొట్టం దారిని చూపే ఎర్రగీత ఆ బావికి ఎంతో ఉత్తరంగా, పక్క రైతు మునిరత్నం నాయుడి మామిడితోట నడిమిగా పోతూ ఉంది. కనుక బావిని గురించి ఎవరూ ఏమీ వ్రాసుకోలేదు.

జూన్‌లో మొదటి నోటీసు వచ్చింది. గొట్టం పోయే దారిలో పద్దెనిమిది మీటర్ల వెడల్పు పట్టీ మీద కంపెనీకి హక్కు వస్తుంది. భూమి రైతు పేరనే ఉంటుంది, పైరు పెట్టుకోవచ్చు. కానీ ఆ పట్టీలో చెట్టు ఉండరాదు, కట్టడం ఉండరాదు, బావి ఉండరాదు. ఆక్షేపణ ఉన్నవారు ఇరవై ఒక్క రోజులలో వ్రాతమూలకంగా తెలుపుకోవాలి. గడువు దాటిన పిమ్మట వచ్చినవి స్వీకరింపబడవు. సుందరరాజు ఆ కాగితాన్ని రెండు పూటలా చాటాడు. చివరి వాక్యం దగ్గర పలక మీద ఇంకొక దెబ్బ ఎక్కువ వేసి చాటాడు. ఆ దెబ్బ ఫలించింది. మునిరత్నం నాయుడూ, ఇంకో పదకొండు మంది రైతులూ ఆక్షేపణలు ఇచ్చారు. చిత్తూరులో విచారణ జరిగింది. నూట అరవై కాపు చెట్లు కొట్టడం కన్నా దారి మార్చడమే మేలని పై అధికారులు అన్నారు. దక్షిణంగా జరిపితే ఏమి నష్టమో అడంగల్ తెప్పించి చూశారు. “మెట్ట, వర్షాధారం, బావి లేదు” అని ఉంది. చెట్లు లేవు. ధర్మేంద్ర అప్పటికి ఇంకో జిల్లాలో పనిమీద ఉన్నాడు. గీత నూట ఇరవై మీటర్లు దక్షిణంగా జరిగింది.

మారిన దారికి రెండో నోటీసు రెండు వేల ఎనిమిది మార్చి పదో తేదీన వచ్చింది. సుందరరాజు కార్యాలయానికి వచ్చి అలవాటు ప్రకారం చదివించుకున్నాడు. మొదటిసారి చదువుతుండగా తన సర్వే నంబరు విన్నాడు. రెండోసారి చదవమన్నాడు. మూడోసారి తాను అప్పజెప్పాడు. “రెండు వందల పద్నాలుగులో మూడు, పాలేటి సుందరరాజు” అనే చోట ఆయన గొంతు ఆగలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకొని, “వస్తా సార్” అని వెళ్ళాడు.

ఆ సాయంత్రం ఊరంతా చాటి, చివర ప్రార్థన మందిరం వీధికి వచ్చాడు. ఆనందమ్మ అరుగు మీద పూలు కడుతూ ఉంది. మూడు దెబ్బలు వేసి, నిలబడవలసిన చోట నిలబడి, తల ఎత్తి చాటాడు. భర్త పేరు వచ్చినచోట ఆమె చేతిలో నార ఆగింది.

“ఏమన్నావు?” అంది.

ఆయన పలకను భుజం మీద సర్దుకున్నాడు.

“వినపడలా. మళ్ళీ చెప్పు.”

మళ్ళీ చెప్పమంటే మొదటినుంచి చెప్పాలి. సుందరరాజు మళ్ళీ మూడు దెబ్బలు వేశాడు. “ఇందుమూలంగా యావన్మంది రైతులకూ తెలియజేయడమేమనగా” అని మొదలుపెట్టి, నంబర్లు, పేర్లు, పట్టీ వెడల్పు, ఇరవై ఒక్క రోజుల గడువు, గడువు దాటితే స్వీకరింపబడవన్న మాట, అన్నీ భార్య ముఖం చూస్తూ పూర్తిగా చాటాడు. ఇరుగుపొరుగు తలుపుల్లోకి వచ్చి నిలబడ్డారు. ఎవరూ నవ్వలేదు.

ఇంట్లోకి రాగానే ఆమె పట్టుకుంది.

“రేప్పొద్దన్నే పొయ్యి రాసిచ్చిరా. బాయి ఉండాదని చెప్పు.”

“చాటింది నేను మే. నేనే పొయ్యి కాదంటే ఏం బాగుంటాది?”

“ఏం బాగుండేది? నీ బాయి పోతాంటే నీకు బాగోగులు కావాల్నా?”

“ఇరవై ఒక్క దినం పోనీ. అది తీరినాక మాట్లాడతా. ముప్పై మూడేండ్లు వాళ్ళ కాగితాలు మోసినా. నా బాయి సంగతి వాళ్ళకు తెలీదా? వెంకటరమణ సారుకు తెలీదా? ఆ ఇంజనీరు నీళ్ళు తాగి పోలేదా?”

“తాగిపోయినోడు రాసి పోయినాడా?” అంది ఆనందమ్మ.

మునిరత్నం నాయుడు కూడా ఒకనాడు తోట కంచె దగ్గర ఆపాడు. తన తోట తప్పించుకొని గీత ఎవరి మీదికి పోయిందో ఆయనకు తెలుసు.

“ఏమప్పా తలారీ, నా గొట్టాన్ని నీకు అంటగట్టినానని కోపమా?”

“అయ్యో, అట్లాంటిదేమీ లేదు నాయుడా.”

“అయితే ఒగ పని చెయ్యి. చిత్తూరులో నా ప్లీడరు ఉండాడు. నీకూ ఒగ కాగితం రాయిస్తా. వేలిముద్రో సంతకమో పెట్టు, అంతే. నువ్వు పైసా తీయబాక.”

“వద్దు నాయుడా. గడువు తీరనీ.”

“గడువు తీరినాక ఏముంటాదిరా? నువ్వే కదా పలక పగిలేటట్ల చెప్పినావు నాకు! నీ చాటింపు విని నేను తోట కాపాడుకున్నా. నువ్వు మటుకు వినలేదా?” అన్నాడు. అని తల కొట్టుకొని పోయాడు.

ఇరవయ్యో రోజున ఆనందమ్మ పూల గంప అంగట్లో దించి, అదే బస్సులో మండల కార్యాలయానికి వచ్చింది. బల్ల ముందు నిలబడి, “ఆయన పలక కొట్టినాడు గానీ నేను కొట్టలేదు కదా సార్. నేను కాదంటా. నాచేత వేలిముద్ర ఏపించుకోండి,” అంది. పట్టా భర్త పేరన ఉన్నందున ఆమె ఆక్షేపణ చెల్లదని ఆమెకు చెప్పబడింది. నిబంధన ప్రకారం చెప్పవలసింది అదే. అయితే కాగితం తీసుకొని, పట్టాదారు సంతకం కావాలని దాని మీద వ్రాసి, లోపలికి పంపి ఉండవచ్చు. అట్లా చేయక ఆమెను వెనక్కి పంపినవాడు ఈ వాక్యాలు వ్రాస్తున్నవాడే. ఆమె గుమ్మం దగ్గర ఒకసారి ఆగి, “మీరందరూ ఒగటే మనుషులు సార్, మా ఆయనతో కలిపి,” అని వెళ్ళిపోయింది.

ఇరవై రెండో రోజు ఉదయం కార్యాలయం తలుపులు తీయకముందే సుందరరాజు మెట్ల మీద ఉన్నాడు. ఉతికిన పంచె, ఉతికిన చొక్కా. ముప్పై మూడేళ్ళలో మొదటిసారి భుజాన పలక లేకుండా వచ్చాడు. వెంకటరమణ రాగానే లేచి నిలబడ్డాడు.

“నిన్నటితో గడువు తీరింది సార్. ఇంగ నా మాట చెప్పుకుందామని వచ్చినా. గొట్టం నా బాయి మీద పోతాది. రవంత పక్కకు జరపమని చెప్పండి.”

వెంకటరమణ గుమ్మంలోనే ఆగాడు. “నిన్న రావాలి కదప్పా!”

“నిన్న పలక నా బుజం మీద ఉండింది సార్.”

“గడువు దాటితే తీసుకోరని...” వెంకటరమణ ఆ మాట పూర్తి చేయలేకపోయాడు. “నువ్వే కదప్పా చాటినావు,” అన్నాడు.

సుందరరాజు తల ఊపాడు. ఔను, తానే చాటాడు. ఆ వాక్యం ఆయనకు అక్షరం అక్షరం వచ్చు. అది ఊరికి సంబంధించిన వాక్యమనీ, తన నియమం తాను నిలుపుకుంటే కార్యాలయం తనను తాను చూసుకుంటుందనీ అనుకున్నాడు. ఆ అనుకోవడానికి ఆధారం ఎనభై ఆరులో ఒక తహశీల్దారు అడిగిన ఒక్క మాట. అప్పటికే చిత్తూరుకు నివేదిక సిద్ధమై ఉంది. అందులో సర్వే నంబరు రెండు వందల పద్నాలుగులో మూడుకు ఎదురుగా “పట్టాదారునికి తెలియజేయబడినది, ఆక్షేపణ లేదు” అని ఉంది. పట్టాదారునికి తెలియజేసినట్లు సాక్షి సంతకం ఉండవలసిన చోట తలారి సంతకం ఉంది. ఆ పట్టాదారూ, ఈ తలారీ ఒకే మనిషి.

గొట్టాలు రెండు వేల తొమ్మిది జనవరిలో వచ్చాయి. ఏర్పేడు వైపు నుంచి పొడవైన లారీల మీద తెచ్చి, పొలాల వెంట దించి, చివరకు చివర ఆనించి అతుకుతూ వచ్చారు. పనిమీద ధర్మేంద్ర మళ్ళీ దిగాడు. యంత్రాల వెనుక నడుస్తూ వచ్చి, బావి చూసి ఆగిపోయాడు.

“పెద్దాయనా, ఇది మీ బావి కదా? నేను నీళ్ళు తాగాను కదా ఇక్కడ?”

“ఔ సార్.”

చేతిలోని కాగితాలు తిరగేశాడు. “బావి లేదని ఉందే!”

ఆనందమ్మ కనకాంబరాల నడుమనే నిలబడి ఉంది. “ఉండేది సూడబాక సార్,” అంది. “రాసిండేది సూడు. అదే గట్టి.”

ధర్మేంద్రను తప్పుపట్టడానికి లేదు. రెండు రోజులు పని ఆపించాడు. పై వాళ్ళకు ఫోను మీద ఫోను చేశాడు. రెండు వైపులా గొట్టం అతికి వచ్చేసింది, ఇప్పుడు వంపు తిప్పడానికి వీలు లేదని సమాధానం వచ్చింది. గొట్టం దించడానికి తవ్వే కాలువ అంచు బావి ఒడ్డుకు నాలుగు మీటర్ల దూరాన పడుతుంది. బావి తెరిచి ఉంటే ఒడ్డు జారి గొట్టం కిందికి కుంగుతుంది. పూడ్చక తప్పదు. మూడో రోజు ఉదయం పెద్ద పొక్లెయిన్ వచ్చింది. ఆనందమ్మ చివరిసారి రెండు బిందెలు ముంచి, ఒకటి మొక్కలకు పోసి, ఒకటి నడుముకెత్తుకొని వెనక్కి చూడకుండా ఇంటికి పోయింది.

బావిలోంచి తొమ్మిది ఎండాకాలాలు పైకి మోసిన రాళ్ళు గట్టున గుట్టగా పడి ఉండేవి. బయటినుంచి రాయి తేవలసిన పని లేకపోయింది. ఆ రాళ్ళతోనే పూడ్చారు. పూడ్చడానికి పట్టిన కాలం ఒక్క పూట. సుందరరాజు అక్కడే నిలబడి చూశాడు. ఊట మీద మొదటి రాళ్ళు పడినప్పుడు నీళ్ళ చప్పుడు వినపడింది. తరువాత రాయి మీద రాయి పడిన చప్పుడే.

పైరుకు పరిహారం వచ్చింది. బావికి రాలేదు, లేని బావికి పరిహారం ఉండదు.

ఫిబ్రవరిలో ఇంకొక కాగితం వచ్చింది. గొట్టానికి ఇటు తొమ్మిది, అటు తొమ్మిది మీటర్ల లోపల ఎవరూ చెట్టు నాటరాదు, బావి తవ్వరాదు, తవ్వినవారు శిక్షార్హులు. దానిని చాటింది కూడా సుందరరాజే. మునిరత్నం నాయుడి తోట ముందు చాటాడు, నాలుగు వీధులలోనూ చాటాడు, తన ఇంటి ముందు చాటాడు. ఈసారి ఆనందమ్మ బయటికి రాలేదు. మళ్ళీ చెప్పమని ఎవరూ అడగలేదు.

ఆ ఏప్రిల్‌లో, పట్టీకి అవతల ఈశాన్యం మూలన మిగిలిన అరవై సెంట్లలో కొత్త బావికి అనుమతి కోరుతూ ఆయన అర్జీ పెట్టుకున్నాడు. ఊరు భూగర్భజలాలు అడుగంటిన గ్రామాల జాబితాలో ఉన్నందున కొత్త బావులకు అనుమతి లేదనీ, పాత బావికి బదులుగా తవ్వుకునేవారికి మాత్రమే వీలు కలదనీ, అర్జీదారునికి పాత బావి ఉన్నట్లు లెక్కలలో లేదనీ సమాధానం వచ్చింది. రాగి పోయింది. కనకాంబరాలు ఎండాయి. ఆనందమ్మ ఇప్పుడు ఐరాల పక్క బెల్లం గానుగల దగ్గర చెరకు మోసే కూలికి పోతోంది. ఆమెకు యాభై ఏడు సంవత్సరాలు. భర్తతో అవసరమైన మాట తప్ప మాట్లాడడం లేదు.

ఈ జూన్ నెల మొదటి వారంలో సుందరరాజు, పదవీ విరమణ చేసి ఇంటి దగ్గర ఉన్న ఈ గుమాస్తాను వెదుక్కుంటూ వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. పలక వెంకటరమణకు అప్పగించి వస్తున్నానని చెప్పాడు.

“ఇంగ ఏ చాటింపూ నా బుజం మీద లేదు సార్. ఇప్పుడన్నా మాట్లాడొచ్చు గదా?”

మాట్లాడవచ్చునని చెప్పవలసి వచ్చింది. ఆయన మాట్లాడినది ఎక్కువేమీ లేదు. ఆ కొద్ది మాటలే ఈ కింద వ్రాయబడుతున్నవి.

కావున జిల్లా అధికారి వారికి సవినయంగా మనవి చేయడమేమనగా: ఈతవంకపల్లె సర్వే నంబరు రెండు వందల పద్నాలుగులో మూడునందు, రెండు వేల ఒకటి మొదలు రెండు వేల తొమ్మిది జనవరి వరకు, ఆరు మట్ల లోతున నీరున్న బావి ఉండేదని లెక్కలలో చేర్పించవలసింది. అది ఉన్నదని చెప్పడానికి దాని నీరు తాగిన ఇంజనీరు ధర్మేంద్ర, పక్క రైతు మునిరత్నం నాయుడు, లేదని వ్రాస్తూ వచ్చిన వెంకటరమణ సంతకాలు చేసి ఇచ్చారు, అవి జతపరచబడినవి. ఆ చేర్పును అనుసరించి, పాత బావికి బదులుగా ఈశాన్యం మూలన ఒక బావి తవ్వుకొనుటకు సుందరరాజుకు అనుమతి దయచేయవలసింది. ఆయన ధనసహాయం కోరడం లేదు. యంత్రం కోరడం లేదు. తవ్వేది తామిద్దరమేనని, వచ్చే ఎండలు ముదిరేలోగా ఉత్తరువు చేతికందితే చాలునని మాత్రమే మనవి చేసుకుంటున్నాడు.

ఈ విన్నపం విచారణకు వచ్చే పక్షంలో, దానికి సంబంధించిన గడువును ఇంకొకరి చేత ఆయనకు చాటింపు వేయించవలసిందని కూడా ప్రార్థన. ఆయన మొదటి రోజునే వస్తాడు.